మూగలోయలోకి దిగిన తాడు

అనగనగా కంకణపురాన్ని ఏలే ఒక రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు పుష్పకేతు, రెండోవాడు చిత్రకేతు, చిన్నవాడు నీలకేతు. పొరుగు రాజ్యపు రాకుమారి మాణిక్యవల్లిని ఒక మాంత్రికుడు ఎత్తుకుపోయి మూగలోయలో దాచాడు. ఏడు కొండలు దాటితే వస్తుందా లోయ. దాని మీద పిట్ట ఎగరదు, గాలి వీచదు. రాయి వేస్తే చప్పుడు రాదు. కానీ లోపలినుంచి మాటలు మాత్రం వస్తాయి, అవీ మనవాళ్ళ గొంతులతోనే.

ఆమెను విడిపించడానికి ముందుగా పెద్దవాడు నడుముకు పట్టుతాడు కట్టుకుని దిగాడు. పైనున్న భటులకు అతని గొంతే వినిపించింది, నేల అందింది, తాడు వదిలేయండి అని. వదిలేశారు. అతను తిరిగి రాలేదు. రెండోవాడు భటుల్ని నమ్మలేదు. తాడు చెట్టుకు కట్టి తానే జారుతూ దిగాడు. సగం దారిలో అన్న గొంతు వినిపించింది, తమ్ముడూ, ఇంకొక్క మూరే, దూకేయ్ అని. దూకాడు. అతనూ తిరిగి రాలేదు.

చిన్నవాడు భటుల్నీ తీసుకుపోలేదు, పట్టుతాళ్ళూ తీసుకుపోలేదు. కొండచరియల్లో తేనె తీసే కోనమ్మ అనే అవ్వ దగ్గరికి వెళ్ళి, తాడు మీద దిగడం నేర్పమని అడిగాడు. ఆమె మూడు నెలలు నేర్పింది. మొదటి నెల నార పేని తాడు అల్లడం, అల్లిన తాడును మూరమూరకీ వేళ్ళతో తడిమి చూడడం. రెండో నెల ముళ్ళు వేయడం. తొడలకు రెండు ఉచ్చులు, రొమ్ముకు ఒకటి. మూడో నెలంతా చిన్న చిన్న బండల మీదనుంచి దిగడం, ఎక్కడం, మళ్ళీ దిగడం. రాకుమారుడి చేతులు కాయలు కాశాయి.

ఆ తర్వాత ఇద్దరూ మూగలోయకు వెళ్ళారు. కోనమ్మ రెండు బలమైన చెట్ల మధ్య తిరిగేలా దుంగ అమర్చి, దానికో పిడి పెట్టి, తాడు చుట్టింది. పిడి పట్టి తిప్పితే తాడు దిగుతుంది, ఎక్కుతుంది. బండ అంచున తాడు ఒరుసుకునే చోట దళసరి తోలు పరిచింది.

"ఒకసారి లాగితే ఆపుతాను. రెండుసార్లు లాగితే దించుతాను. మూడుసార్లు లాగితే పైకి తీస్తాను. నోటిమాట ఏదీ వినను, నువ్వూ వినకు నాయనా. మట్టి అరచేతికి తగిలేదాకా ముడి విప్పకు" అంది.

మిట్టమధ్యాహ్నం దిగాడు నీలకేతు. పది బారలు దిగేసరికి వెలుగు పలచబడింది. ఇరవై బారలకు తన ఊపిరి చప్పుడు కూడా తనకు వినబడలేదు. అప్పుడు తండ్రి గొంతు చెవి పక్కనే పలికింది, నాయనా, నేల వచ్చింది, ముడి విప్పు అని. ఒకసారి తాడు లాగి ఆపి, కాలు చాపి చూశాడు. ఏమీ లేదు. రెండుసార్లు తాడు లాగాడు. ఇంకా దిగాక చిత్రకేతు గొంతు, ఇదిగో నీ కాళ్ళ కిందే ఉన్నాను అంది. మళ్ళీ తాడు ఆపి కాలు చాపాడు. ఏమీ లేదు. మళ్ళీ రెండుసార్లు లాగాడు.

మూడోసారి వినిపించింది తన సొంత గొంతే.

"దిగిపోయావు నీలకేతూ. నిలబడే ఉన్నావు కదా. ఇక విప్పు."

నిజంగానే పాదాల కింద నేల ఉన్నట్టు అనిపించింది. చెయ్యి దానంతట అదే ముడి మీదికి పోయింది. అవ్వ మాట గుర్తొచ్చి, ఒకసారి తాడు లాగి ఆపి, వంగి అరచేయి చాపాడు. చల్లటి శూన్యం తగిలింది. రెండుసార్లు లాగాడు.

చివరికి అరచేతికి మట్టి తగిలింది. చుట్టూ రాతిబొమ్మలు, అన్నీ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. వాటిలో ఇద్దరు అన్నలూ ఉన్నారు. మధ్యలో బండ మీద మాంత్రికుడు కూర్చున్నాడు. అతని మొహాన కళ్ళున్నాయి, ముక్కుంది, నోరు లేదు. భుజం మీది చిలకే అతనికి నోరు. పక్కన మాణిక్యవల్లి కూర్చుంది, మంత్రంతో మాట కట్టుబడి. ఆమె మాంత్రికుణ్ణి, ఆపైన చిలక గొంతును చూపించి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. వాడి ప్రాణం దాని గొంతులోనే ఉందని నీలకేతుకు అర్థమైంది.

కలబడితే చిలక ఎగిరిపోతుంది. అందుకని, అడుగు చప్పుడైనా వినబడని ఆ లోయలో రాకుమారిని సైగతో రాతిబొమ్మల చాటుకు పిలిచి, ముందు ఆమెకు ఉచ్చులు బిగించి, ప్రతి ముడీ రెండుసార్లు చూసి, తాడు మూడుసార్లు లాగాడు. ఆమె పైకి లేచింది. మాంత్రికుడు ఉలిక్కిపడి లేచాడు. చిలక పైకి అరిచింది, నీలకేతు గొంతుతో, తర్వాత ఎవరెవరి గొంతులతోనో, తాడు వదిలేయమని. తాడు ఒక్కసారి ఆగింది. గాలిలో మాణిక్యవల్లి అలాగే వేలాడింది.

మళ్ళీ కదిలింది తాడు.

మాంత్రికుడు, చిలక, ఇద్దరి చూపూ పైనే ఉంది. నీలకేతు వెనకనుంచి వచ్చి ఉత్తరీయం చిలక మీద కప్పి మూట కట్టాడు. చీకటి కాగానే చిలక నోరు మూసింది. మాంత్రికుడు గాలి పోయిన తిత్తిలా ముడుచుకుని, బూడిదై, బండ మీదనుంచి రాలిపోయాడు. రాతిబొమ్మలు ఒక్కొక్కటే ఊపిరి పీల్చుకున్నాయి.

తాడు మళ్ళీ కిందికి వచ్చింది. అన్నలిద్దరూ ఒకేసారి పోదామని తొందరపడ్డారు. ఒక్కొక్కరే అన్నాడు నీలకేతు. ముడి ముడీ చూసి అందరినీ పంపి, తాను మూటతో చివర వెళ్ళాడు.

పైన కోనమ్మ అరచేతులు చితికి రక్తం కారుతున్నాయి. తాడు మధ్యలో ఎందుకు ఆగింది అవ్వా అని అడిగాడు.

"నా కొడుకు పిలిచాడు. తేనెకు దిగి, తాడు తెగి పోయాడు వాడు. పన్నెండేళ్ళయింది. అమ్మా, వదిలెయ్, నేను వచ్చేస్తా అన్నాడు. చెయ్యి ఆగిపోయింది" అంది. అరచేతుల రక్తం కొంగుతో తుడుచుకుని, "తాడుకు మనిషి వేలాడుతుంటే వదిలెయ్యమని వాడు ఏనాడూ అనడు నాయనా" అంది.

నీలకేతు మూట చేతిలోకి తీసుకుని, ఇంకొక్కసారి ఆ గొంతు వింటావా అని అడిగాడు. కోనమ్మ చాలాసేపు మూటనే చూసింది. వద్దని తల ఊపి, తానే ముడి విప్పింది. చిలక ఒక్క మాటా అనకుండా కొండల మీదుగా ఎగిరిపోయింది.

ఆ మాఘమాసంలో మాణిక్యవల్లికీ నీలకేతుకీ పెళ్ళయింది. పెళ్ళికొడుకు తల్లి కూర్చునే పీట మీద కట్టు కట్టిన చేతులతో కోనమ్మ కూర్చుంది. రాజుగారు చిన్నవాడికే పట్టం కట్టగా, ఆ దంపతులు పిల్లాపాపలతో అరవై ఏళ్ళు చల్లగా రాజ్యం ఏలారు. ఆ అరవై ఏళ్ళలోనూ ఎవరు లోయలో పడ్డా, నూతిలో పడ్డా, తాడు పట్టుకుని ముందు వచ్చేవాడు రాజే.