పెసర చేనుకు కలుపు మందు

గుడిమెట్లపాడులో చెన్నప్ప అనే రైతు ఉండేవాడు. తనకు ఎంత నష్టమొచ్చినా ఎదుటివాణ్ణి కాదనలేకపోవడం అతని బలహీనత.

ఆ ఊళ్ళో కోత మిషను రంగనాయకులుది. పండిన గింజలు కొనేదీ అతనే. ఒక ఏడు చెన్నప్ప పెసర చేను కాయ ముదిరినా ఆకు పచ్చగానే ఉంది.

"పచ్చాకు మిషనుకు చుట్టుకుంటుంది. కలుపు మందు కొట్టెయ్. ఆకంతా మాడిపోతుంది, మిషను దించుతా" అన్నాడు రంగనాయకులు.

చెన్నప్ప భార్య ఓబులమ్మ అడ్డుపడింది. "కాయ మీద విషం పోస్తామా? అది మనుషులు తినేది కదయ్యా!"

"పెద్దమనిషి చెప్పాడు, ఎట్లా కాదంటాం?" అంటూ చెన్నప్ప మందు కొట్టేశాడు.

చేను ఎండింది. మిషను కోసింది. బస్తాలు ఇంటికొచ్చాయి. ఓబులమ్మ పెసలు నానబెట్టి గుడ్డలో కడితే సరిగా మొలకలే రాలేదు. భయపడి ఇద్దరూ గుప్పెడు గింజలు వ్యవసాయాధికారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ అధికారి వాటిని పరీక్షకు పంపించింది.

"మందు చాలా ఎక్కువగా ఉందండీ" అందామె ఫలితం వచ్చాక. "నేల మీద పడ్డదాన్ని మట్టిలోని సూక్ష్మజీవులు మెల్లగా తినేస్తాయి. గింజలోకి దిగింది మాత్రం అట్లాగే ఉండిపోతుంది. ఇవి తినకండి, అమ్మకండి."

మర్నాడే రంగనాయకులు బండి తోలుకొచ్చాడు. "బస్తాలు ఎత్తించు చెన్నప్పా. పట్నంలో తినేవాళ్ళకు ఏం తెలుస్తుంది?"

చెన్నప్ప అలవాటు కొద్దీ తల ఊపబోయాడు. అంతలో పట్నంలో ఎవరో తల్లి ఆ పెసలు వండి పిల్లలకు పెట్టడం కళ్ళముందు కదిలింది.

"ఇవ్వను" అన్నాడు.

"ఏమన్నావ్?"

"ఇవ్వనన్నాను! చేలో గొయ్యి తీసి పూడ్చేస్తా. నా నేలే అరిగించుకుంటుంది. మనుషుల కడుపులకు మాత్రం పంపను."

"అయితే ఇక నీ చేలో నా మిషను అడుగుపెట్టదు!"

"పెట్టొద్దు. మాకు చేతులున్నాయి."

ఆ ఏడు పంటంతా మట్టిపాలైంది. మరుసటి ఏడు ఓబులమ్మ పుట్టింటి నుంచి విత్తనాలు తెచ్చి చల్లారు. చేతులు పగిలేలా ఇద్దరే కాయ కోశారు. సగం కోయకముందే వాన పడి కొంత పాడైంది. రంగనాయకులు గట్టు మీద నిలబడి నవ్వాడు. చెన్నప్ప అతని వైపు చూస్తూనే మరో కాయ తెంపి ఒళ్ళో వేసుకున్నాడు.

నీతి: అన్యాయాన్ని కాదనలేని మంచితనం పిరికితనమే. నష్టమొచ్చినా సరే, కాదనాల్సిన చోట కాదనే తీరాలి.