పాషా పట్టు వదలడు ఎందుకని

ఒకప్పుడు ద్రోషా ఒక్కడే కోసేవాడు, పాషా చేతులు ఖాళీగా ఉండేవి. ఆ కోతల సంగతి తలుచుకుంటే పాషాకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తడిమట్టిలో నులిపురుగు పాకుతుంటుంది. కంటికి ఆనదు. దాని ఒళ్ళంతా కణాలే. కణం అంటే చిన్న ఇల్లనుకోండి. దాని లోపలి గది కేంద్రకం. ద్రోషా, పాషా అనే ప్రోటీన్లు ఉండేది ఆ గదిలోనే.

అక్కడికి ఆర్‌ఎన్‌ఏ అనే పొడవాటి దారాలు వచ్చేవి. దారం మధ్యలో వెనక్కి వంగి జడపిన్నులా ఉండేది. ఆ పిన్నును మొదలు దగ్గర కోసి, వాకిట్లో ఉన్న డైసరమ్మకి ఇవ్వాలి. ఆవిడ వంపు కొరికేసి చిన్న ముక్క తీస్తుంది. దాన్నే మైక్రో ఆర్‌ఎన్‌ఏ అంటారు. "పసితనం చాలు, ఇక ఎదుగు" అని పురుగు ఒంటికి చెప్పేది ఆ ముక్కే.

పాషా పెద్దవాడు. పనిలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఊరుకోడు.

"ఒరే ద్రోషా, వంపు నేను పట్టుకుంటాను, నువ్వు మొదలు దగ్గర కొయ్యి" అన్నాడు.

"పట్టుకోడానికి నువ్వెందుకు మామా? కత్తి నాది. పోయి ఆ మూల కూర్చో!" అన్నాడు ద్రోషా, డైసరమ్మ వింటుండగానే.

పాషా మూల కూర్చున్నాడు. మాట మాత్రం మనసులో పెట్టుకున్నాడు.

ద్రోషా కోశాడు. ఏం కోశాడు! రెండు కొసలూ వాడికి ఒకేలా కనబడ్డాయి. పిన్నును తలకిందులుగా పట్టి వంపు వైపు కోసిపారేశాడు.

డైసరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదేం కోత నాయనా? నేను పట్టుకునే కొస ఏదీ?" అని విసిరికొట్టింది. ఇంకోటి ఇచ్చాడు. అదీ అంతే.

పాపం, ఆ చిన్న ముక్క అందని పిల్లపురుగు చర్మం విడిచింది. లోపల మళ్ళీ పసిచర్మమే. మళ్ళీ విడిచింది. మళ్ళీ అదే.

"పాషా తాతా! నేను పెద్దయి గుడ్లు పెట్టకపోతే మా వంశం నాతోనే ఆఖరు!" అని ఏడ్చింది.

"నన్నడుగుతావేం? వాణ్ణడుగు. కత్తి వాడిది కదా" అన్నాడు పాషా.

"సాధించకు మామా. ఈసారి సరిగ్గా కోస్తా చూడు" అంటూ ద్రోషా ఇంకో దారం అందుకున్నాడు. మళ్ళీ తలకిందులే!

పాషా ఇక కూర్చోలేకపోయాడు. తనకి జరిగిన అవమానం దిగమింగుకోగలడు గానీ, ఈ అడ్డదిడ్డపు పని కళ్ళతో చూడలేడు.

"ఆగరా, ఆగు! అది తల! తల ఏదో కాలు ఏదో తెలీనివాడికి కత్తి ఎవడిచ్చాడు?"

గబగబా వచ్చి రెండు చేతులా వంపును బిగించి పట్టాడు. పైనుంచి కిందికి కొలిచాడు.

"ఇటు తిరుగు. ఇంకాస్త కిందికి. చెప్తే వినవేం, కిందికి! ఆ, అక్కడ. కొయ్యి."

టక్కున తెగింది. డైసరమ్మ తీసుకుని వంపు కొరికేసింది. చిన్న ముక్క ఒంట్లోకి వెళ్ళింది. పిల్లపురుగు చర్మం విడిచి ఒళ్ళు విరుచుకుంది. ఈసారి లోపల ఉన్నది పసిచర్మం కాదు!

"కోపం పోయిందా మామా?" అన్నాడు ద్రోషా.

"పోలేదు."

"మరి వదులు."

"వదిలితే మళ్ళీ తలకిందులు చేస్తావు. నువ్వన్న మాట మరవను, నీ చేతిని నమ్మను."

అప్పటినుంచే నులిపురుగు కణాల్లో ఆ ఇద్దరూ అతుక్కునే ఉంటారు. పాషా పట్టుకోనిదే ద్రోషా కోత కుదరదు. మట్టిలో ఏ పిల్లపురుగైనా ఎదిగిందంటే, పాషాకి కోపం ఇంకా పోలేదన్నమాట.