జంబయ్య ముంపు చదువు

మామిడితోట వెనకాల, కాలవగట్టుకి ఇవతల, చక్రం ఊడిన ఎడ్లబండి ఒకటి ఏళ్ళ తరబడి పడి ఉంది. దాని కిందే బడి. తోటలో పుట్టిన ప్రతి పిల్లా ఆ బండి నీడలోనే చదువుకుంది, వాళ్ళ అమ్మలూ అక్కడే చదువుకున్నారు. పంతులు ఓబయ్య అనే ముసలి ఎద్దు. మెడ మీంచి కాడి దించేశాక ఊరికే కూర్చోలేక బడి పెట్టుకున్నాడు. ఆయన చెప్పేది ఒకటే చదువు, ఎవరి కేకకి ఏమిటి అర్థమని. కోడి "కుర్ర్" అంటే పైన గద్ద తిరుగుతోందని. మేక ఆపి ఆపి రెండుసార్లు అరిస్తే దగ్గర్లో నక్క ఉందని. బాతు రెక్కలు కొట్టుకుంటూ అరిస్తే నీళ్ళలో పాము ఉందని. కోడిపిల్లకి మేక మాట, మేకపిల్లకి బాతు మాట వచ్చేదాకా ఓబయ్య వదిలేవాడు కాదు. ఇంతకన్నా ఘనమైన చదువు నాకైతే తెలీదు, మీకు తెలిస్తే చెప్పండి.

ఈ చదువు వల్ల కడుపు మాడింది ఒక్కడికే, కాలవ అవతల రెల్లుదుబ్బుల్లో ఉండే జంబయ్య నక్కకి. వాడి తోక కొస కనపడితే చాలు, ఏదో ఒక పిల్ల అరవడం, అందరూ మాయమవడం, గట్టుమీద పడుకున్న కర్రోడు కుక్క లేచి తరమడం. మూడేళ్ళపాటు జంబయ్య పీతలు తిని బతికాడు.

ఒకరోజు పొద్దున్నే వాడు పొలాల మీదుగా చుట్టు తిరిగి, మెడలో తెల్లటి ఈక ఒకటి కట్టుకుని తోట వాకిట్లో నిలబడ్డాడు. అడుగు మాత్రం లోపల పెట్టలేదు.

"ఏడాదిగా హంసల మధ్య ఉండి వస్తున్నాను. మాంసం ముట్టడం లేదు. వాళ్ళ భాష నేర్చుకున్నాను, పోయేలోగా నలుగురు పిల్లలకి చెబుదామని ఆశ," అన్నాడు.

కర్రోడు పళ్ళు బయటపెట్టాడు.

"నీ కళ్ళ ముందే చెబుతాలే అన్నా. నువ్వు అక్కడే కూర్చుని చూస్తూ ఉండు," అన్నాడు జంబయ్య. అలా అనేసరికి కర్రోడు పళ్ళు లోపల పెట్టుకుని అక్కడే కూర్చున్నాడు.

తోటలో వాళ్ళంతా బండి దగ్గర చేరారు. అందరికన్నా ముందు నీలవేణి బాతు వచ్చి కూర్చుంది. ఆవిడకి చిన్నప్పటినించీ ఒక దిగులు. మెడ కాస్త పొడుగైతే హంసని అయ్యేదాన్నని.

"మన పిల్లలు హంస భాష మాట్లాడితే ఎక్కడికి పోయినా మర్యాదే కదా. ఎన్నాళ్ళని ఈ కేకలూ కూతలూ," అంది.

"నేర్చుకోవడం మంచిదే," అన్నాడు ఓబయ్య. "సాయంత్రం ఒక గంట చెప్పమనండి. బండి కింద చోటుంది."

జంబయ్య నవ్వాడు. "గంటా అరగంటా చెబితే వచ్చే భాష కాదు పంతులుగారూ. నూలుకి రంగెలా వేస్తారు? నిండా ముంచుతారు. దీన్ని ముంపు చదువంటారు. పొద్దున బడిలో అడుగు పెట్టింది మొదలు పిల్ల చెవిన ఇంటి మాట పడకూడదు."

"మా కాలంలో ముంపంటే ఊళ్ళు కొట్టుకుపోయేవి," అని గొణిగాడు ఓబయ్య.

గంగులు మేక లేచింది. ఆవిడ పిల్లకి నత్తి. సొంత మాటే సగంలో ఆగిపోతుంది. "నా బిడ్డకి ఇది పడదు. మరి అది ఎక్కడ చదువుకోవాలి?"

"కాలవ అవతల పెద్దతోటలో పాత చదువుల బడి ఉందిగా అక్కా," అన్నాడు జంబయ్య.

"రోజూ కాలవ దాటించమంటావా? ఇంటి ముందు బడి పెట్టుకుని?"

"పదిమందీ బాగుపడుతున్నప్పుడు ఒకరికి ఆమాత్రం కష్టం తప్పదు," అని మధ్యలో అందుకుంది నీలవేణి. గంగులు మొహం తిప్పుకుంది. ఇరవై ఏళ్ళుగా ఒకే గోలెంలో నీళ్ళు తాగిన వాళ్ళు ఆరోజు వేరువేరుగా ఇంటికి పోయారు. నాకు ఆ నక్క మీద ఉన్న కోపం ఒక ఎత్తు, ఈ సంగతి ఒక ఎత్తు.

చివరికి ఎక్కువమంది సరేనన్నారు. ఓబయ్యని పక్కకి జరిపారు. బండి చుట్టూ ఒక గీత గీశారు. గీత లోపల ఇంటి మాట ఎవరి నోట వస్తే వాళ్ళ మెడలో కొబ్బరిచిప్ప కట్టడం జంబయ్య పెట్టిన రూలు. చిప్ప మెడలో పడితే ఆ రోజంతా తక్కిన పిల్లలు నవ్వుతారు. నాలుగు రోజుల్లో పిల్లలు ఇంటి మాట అంటేనే భయపడడం నేర్చుకున్నారు. హంస భాష కూడా నేర్చుకున్నారనుకోండి. "లాలా" అంటే బాగుందని, "లీలీ" అంటే దయచేయండని, "లూలూ" అంటే చాలా సంతోషమని. నీలవేణి పిల్లలు ఇంటికొచ్చి "లూలూ" అంటుంటే ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

చుక్కమ్మ కోడికి ఆరుగురు పిల్లలు. అందరూ పంపుతున్నారని ఆవిడా ఆరుగురినీ పంపింది. ఆరోదాని పేరు నలుసు, అన్నిటికన్నా చిన్నది, చెప్పిన మాట తు.చ. తప్పకుండా వినే రకం.

తొమ్మిదోరోజు మధ్యాహ్నం తోట మీద గద్ద తిరిగింది. చుక్కమ్మ చూసి "కుర్ర్" అని గట్టిగా అరిచింది. బడి పిల్లలు బండి కింది నించి బయటికొచ్చి, ఇంటి మాట అన్నది ఎవరా అని చుట్టూ చూశారు. నలుసు అయితే గీత మీద నిలబడి తల్లికి నెమ్మదిగా చెప్పింది, "హంస భాషలో చెప్పమ్మా, నీ మెడలో చిప్ప కడతారు."

గద్ద దిగింది. ఓబయ్య అడ్డంగా పరిగెత్తుకొచ్చి ఆ పిల్ల మీద గొడుగులా నిలబడ్డాడు. గోళ్ళు ఆయన వీపు మీద పడ్డాయి. గద్ద పోయింది, పిల్ల దక్కింది. చుక్కమ్మ ఆ రాత్రంతా దాన్ని రెక్క కింది నించి కదలనివ్వలేదు.

మర్నాడు ఆవిడ జంబయ్య దగ్గరికి వెళ్ళింది. "పంతులుగారూ, హంస భాషలో గద్దని ఏమంటారు?"

"అలాంటి మొరటు మాటలు అందులో ఉండవు చుక్కమ్మా."

"పోనీ పారిపో అనడానికి?"

"హంస ఎందుకు పారిపోతుంది? హుందాగా నడుస్తుంది."

"కాపాడమని అడగాలంటే?"

"ఒకరిని అడిగే ఖర్మ హంసకేమిటి?"

"నక్కని?" అని అడగబోయి చుక్కమ్మ నాలిక కరుచుకుంది. ఆ మాట కూడా ఉండదని ఆవిడకి తెలిసిపోయింది.

ఓబయ్యకీ కర్రోడికీ చెప్పింది. "ఇప్పుడే పోయి వాడి గొంతు పట్టుకుంటా," అని లేచాడు కర్రోడు.

"పట్టుకుంటే నీలవేణి వదిన నమ్మదు. ఓర్వలేక చేశామంటుంది, రేపు ఇంకొకడిని తెచ్చుకుంటుంది. వాడి నోటితోనే చెప్పించాలి," అంది చుక్కమ్మ.

జంబయ్యే దారి చూపించాడు. మూడో వారం ఆఖరున అందరినీ పిలిచి, "రేపు ఆఖరి పాఠం, అవతల రెల్లుదుబ్బుల్లో. అక్కడ హంసలు దిగుతాయి, పిల్లలు వాళ్ళతోనే మాట్లాడాలి. పెద్దలు రాకూడదు, వస్తే ముంపు చెడుతుంది," అన్నాడు.

"మేం అవతలికి రాము పంతులుగారూ, గట్టుదాకా సాగనంపుతాం," అంది చుక్కమ్మ. "ఒక్క మనవి. రేపటికి బడి గీతని కాలవదాకా జరుపుదాం. అక్కడ కూడా ఇంటి మాట వినపడకూడదు. ఎవరు మాట్లాడితే వాళ్ళు చిప్ప కట్టుకుని బడి వదిలి పోవాలి. పంతులైనా సరేనా?"

అందరూ తన వైపే చూస్తున్నారు. "పంతులైనా సరే," అన్నాడు జంబయ్య గొప్పగా.

తర్వాత చుక్కమ్మ వాడిని పక్కకి పిలిచింది. "రేవు నిండా గేదెలున్నాయి, పిల్లలకి బురదవుతుంది. కాలవ మీద అడ్డంగా వేసిన తాటిదుంగ ఉందిగా, దాని మీంచి పొండి. ముందు పంతులు నడిస్తే వెనక పిల్లలు నడుస్తారు."

ఆ తాటిదుంగ నడుమ చెదలు తినేసి మూడేళ్ళయింది. బుల్లిపిట్ట వాలితే ఆగుతుంది, అంతే. తోటలో అందరికీ తెలుసు. ఎప్పుడూ పొలాల మీదుగా చుట్టు తిరిగి వచ్చే జంబయ్యకే తెలీదు.

మర్నాడు గట్టు మీద అందరూ నిలబడ్డారు. జంబయ్య ముందు నడిచాడు. చుక్కమ్మ పిల్లలకి రెక్క అడ్డం పెట్టి, "లీలీ," అని పంతులికి దారి చూపించింది. నాలుగడుగులు వేసేసరికి దుంగ కిర్రుమంది. జంబయ్య ఆగాడు. ఇది గట్టిదేనా అని అడగాలి. హంస భాషలో ఆ మాట లేదు. ఇంటి మాటలో అడిగితే బడి పోతుంది, వెనకాల పదకొండుమంది లేత పిల్లలు వరసలో ఉన్నారు. వెనక్కి తిరిగి, కాలితో దుంగని తట్టి, కనుబొమలు పైకెత్తి, "లాలా?" అన్నాడు.

"లాలా," అంది చుక్కమ్మ.

"లాలా," అంది గంగులు.

నీలవేణికి మాత్రం మనసు ఒప్పలేదు పాపం, దుంగ సంగతి చెబుదామని నోరు తెరిచింది. తీరా తను నేర్చుకున్న వాటిలో దానికి మాటేదీ దొరకలేదు. "లూలూ," అంది దిగులుగా. పిల్లలందరూ చక్కగా ఒకే గొంతుతో "లాలా" అన్నారు. జంబయ్య తృప్తిగా ఇంకో అడుగు వేశాడు. దుంగ రెండు ముక్కలైంది.

నీళ్ళు లోతే, పైగా గుర్రపుడెక్క. దాని వేళ్ళు కాళ్ళకి చుట్టుకున్నాయి. "మునిగిపోతున్నానర్రా, ఎవరైనా పట్టుకోండి," అని జంబయ్య అచ్చమైన ఇంటి మాటలో అరిచాడు.

పంతులే రూలు తప్పాక ఇంకెవరికి భయం, చుక్కమ్మ మెడ సాచింది. "అర్థం కావడం లేదు పంతులుగారూ. హంస భాషలో చెప్పండి."

"అందులో దానికి మాట లేదే!"

"ఎందుకు లేదు?"

"నేను పెట్టలేదు కనక! ఆ భాష కూర్చింది నేనే, కేకలు నేర్పితే మీ పిల్లలు నా నోటికి అందుతారా?"

అన్నాక గాని ఏమన్నాడో వాడికి తెలియలేదు. నీలవేణి తన నలుగురు పిల్లల్నీ రెక్కల కిందికి లాక్కుంది.

ఓబయ్య నీళ్ళలోకి దిగి తోక అందించాడు. "నా బడి పిల్లలు చూస్తుండగా ఎవడూ చావకూడదు," అన్నాడు. ఒడ్డుకి లాగాక నలుసే వెళ్ళి కొబ్బరిచిప్ప తెచ్చింది, రూలు రూలే కదా. చిప్ప మెడలో వేలాడుతుంటే జంబయ్య ముందూ కర్రోడు వెనకా పొలిమేర దాకా పరిగెత్తారు.

నీలవేణి తల వంచుకుని గంగులు దగ్గరికి వెళ్ళింది. "నీ బిడ్డని కాలవ దాటించమన్నాను. తప్పు నాదే."

"పిల్లలు బాగుండాలని ఆశపడ్డావు, అందులో తప్పేముంది? రా, నీళ్ళు తాగుదాం," అంది గంగులు.

బండి చుట్టూ గీసిన గీతని ఓబయ్య గిట్టతో చెరిపేశాడు. చలికాలం రాగానే కొండల అవతలి నించి వలస వచ్చే బూడిదరంగు పెద్దబాతు ఒకావిడ కాలవలో దిగితే, నీలవేణి ఆవిడని బతిమాలి బడికి తీసుకొచ్చింది, రోజూ సాయంత్రం ఒక గంట చెప్పమని. పాఠం మొదలుపెట్టకముందే ఓబయ్య అడిగాడు, "అమ్మా, మీ భాషలో పారిపో అనడానికి మాట ఉందా?"

"ఒకటేమిటి బాబూ, పదకొండున్నాయి. దేన్ని చూసి పారిపోవాలో దాన్ని బట్టి," అందావిడ.

"అయితే చెప్పండి," అన్నాడు ఓబయ్య, వెళ్ళి పిల్లల వెనకాల తనూ కూర్చున్నాడు.

గంగులు పిల్లకి ఇంటి కేక ఇప్పటికీ సగంలో ఆగుతుంది గాని ఆ దూరదేశపు కేక ఎందుకో ఒక్క దెబ్బన వచ్చేస్తుంది. జంబయ్య మళ్ళీ పీతలు తింటున్నాడు. ఎప్పుడైనా రెల్లులోంచి తల ఎత్తితే ఇదివరకు ఒక భాషలో తరిమేవాళ్ళు, ఇప్పుడు రెండు భాషల్లో తరుముతున్నారు.

నీతి: కొత్త చదువు చెబుతానని వచ్చినవాడిని ఏం నేర్పుతావని అడిగి ఊరుకోకండి, ఏం నేర్పవో కూడా అడగండి.