దూలం అవతలి తల్లి

స్పెయిన్ దేశపు ఉత్తరపు అంచున, సముద్రానికీ కొండలకూ మధ్య ఇరుక్కున్న పచ్చటి సీమలో పెన్యాలూవా అనే చిన్న ఊరు ఉంది. స్పెయిన్ అనగానే ఎండ, ఎర్రమట్టి, ఎద్దుల పోట్లాట తలచుకుని వచ్చే మనవాళ్లకు ఈ సీమ మొదటి రోజే గొడుగు కొనిపిస్తుంది. ఏడాదిలో సగం రోజులు వాన, మిగతా సగం వాన పడబోయే మబ్బు. బస్సు చేపల రేవు దగ్గర దింపుతుంది. అక్కడి నుంచి ఆపిల్ తోటల మధ్యగా, నాలుగు రాతికాళ్ల మీద నిలబెట్టిన ధాన్యపు కొట్లను దాటుకుంటూ గంటసేపు ఎక్కాలి. ఎక్కుతుంటే ఒక చెవిలో అలల హోరు, ఇంకో చెవిలో ఆవుల మెడగంటలు వినిపిస్తాయి. విశాఖ కొండల్లో తిరిగినవారికి ఈ దారి కొత్తగా ఉండదు. చలి మాత్రం కొత్తగా ఉంటుంది కనుక శాలువా మరవకూడదు.

దారి చివర నల్లరాతి పలకల కప్పుతో ఒక చిన్న చర్చి కనబడుతుంది. లోపల మేరీమాత స్వరూపం మూరెడు ఎత్తున, పొగచూరిన చెక్కతో, ఒడిలో బిడ్డతో ఉంటుంది. తలుపు దాటి నాలుగడుగులు వేయగానే, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నేల మీద జానెడు ఎత్తున ఒక ఓక్ దూలం అడ్డంగా పడి ఉంటుంది. చూసినవారు గడప అనుకుంటారు. అది గడప కాదు. అందుకే ఈ తల్లికి దూలం తల్లి అని పేరు వచ్చింది.

ఇప్పుడు యాత్రికులు ఈ దూలాన్నే ముద్దు పెట్టుకుంటారు, రుమాళ్లు రుద్ది ఇంటికి తీసుకుపోతారు, దాని మీద కూర్చుని ఫొటోలు దిగుతారు. తలుపు దగ్గర నాలుగు భాషల్లో ఒక కరపత్రం ఇస్తారు. పగిలిన ఓడలోని దూలం తల్లిని వెతుక్కుంటూ అలల మీద తేలి వచ్చిందనీ, దాన్ని తాకితే మోకాళ్ల నొప్పులు పోతాయనీ అందులో ఉంది. సముద్రంలో తేలి వచ్చిన దూలం గంటసేపు కొండ ఎట్లా ఎక్కిందో అందులో లేదు. పదేళ్లుగా ఈ దేశంలో యాత్రికులకు దారి చూపే పని చేస్తున్నాను. ఆ కరపత్రాన్ని చాలాకాలం నేనే తెలుగులో చదివి వినిపించాను. తప్పు ఒప్పుకుని, చర్చి ఊడ్చే ఎతెల్వీనా అనే ఆమె చెప్పిన కథను ఇక్కడ రాస్తున్నాను.

పూర్వం ఇక్కడ, ఈ చర్చి లేని కాలంలో, ఊరివాళ్లు వేరు, కొండవాళ్లు వేరు. ఊరివాళ్లకు పొలాలు, తోటలు, పడవలు ఉండేవి. కొండవాళ్లకు ఆవులు తప్ప మరేమీ లేదు. చలికాలం ఊరి పైనున్న గుట్టల మీద గడిపి, మే నెల రాగానే పిల్లాజెల్లలతో, తట్టాబుట్టతో మందను తోలుకుని పై పచ్చికకు వెళ్లిపోయేవారు. వాళ్ల వెన్న ఊళ్లో ప్రతి ఇంట్లోనూ కరిగేది. వాళ్లను మాత్రం ఏ ఇంట్లోనూ కూర్చోమనేవారు కారు. ఒక చోట నిలవనివాళ్లకు దేవుడు కూడా నిలవడని ఊరి మాట.

ఆ కొండవాళ్లలో ఫ్రోయిలాన్ అనే ఆవుల కాపరి ఉండేవాడు. ఒక మే నెలలో మంద పైకి వెళుతుండగా కాలం కాని కాలంలో మంచు కురిసింది. దారిలోనే అతని భార్య ప్రసవించి కన్నుమూసింది. ఆడపిల్ల పుట్టింది. చలికి నీలంగా మారిపోయి, ఏడవడానికి కూడా ఓపిక లేకుండా ఉంది. అప్పుడు మందలోని ఒక ముసలి ఆవు ఎంత అదిలించినా కదలక, ఒక బండ చీలిక పక్కన పడుకుండిపోయింది. ఫ్రోయిలాన్ పిల్లను దాని పొట్టకు ఆనించి, మంచు గాలి తగలకుండా తానూ చీలికలోకి ముడుచుకున్నాడు. అక్కడ అతని భుజానికి ఏదో తగిలింది. అదే ఈ స్వరూపం. ఎవరు, ఎప్పుడు, ఎవరికి భయపడి అక్కడ దాచారో ఎవరికీ తెలియదు.

ఫ్రోయిలాన్ చేతులు జోడించి, "తల్లీ, ఈ పిల్లను బతికించు. తన కాళ్ల మీద తాను నడిచి వచ్చి నీ పాదాలకు తల ఆనిస్తది. నేనట్టా చేయించకపోతే ఈ బిడ్డ నీది, నువ్వే తీసుకుపో" అని మొక్కుకున్నాడు. పిల్ల బతికింది. ఒలాయా అని పేరు పెట్టుకున్నాడు. ఆ నిమిషంలోనే పసిదాని తలను పాదాలకు ఆనించి ఉంటే కథ అక్కడితో సరిపోయేది. కానీ అతనిది మర్యాద తెలిసిన మొక్కు. పిల్లకు నడక రావాలన్నాడు.

సంతోషం దాచుకోవడం అతనికి చేతకాలేదు. చలికాలం కిందికి దిగినప్పుడు, వెన్న అమ్ముతూ ఇంటింటా ఈ సంగతి చెప్పాడు. వారం తిరగకుండానే ఊరి గురువు ఫాదర్ బెర్ముదోకు కల వచ్చింది. తనకు కొండ మీద చలిగా ఉందనీ, సముద్రం చప్పుడు వినాలని ఉందనీ, ఊరి పక్కన గుడి కట్టమనీ తల్లి చెప్పిందట. ఆమె దొరికినవాడికి మాత్రం అట్లాంటి కల రాలేదు. ఎవరూ అడగనూ లేదు.

ఊరివాళ్లు బండి కట్టుకుని వెళ్లారు. స్థల పురాణాలు చదివినవారికి తెలుసు, ఇలాంటి చోట బండి ఇరుసు విరుగుతుంది, ఎద్దులు మోకరిస్తాయి, స్వరూపం కొండంత బరువవుతుంది. ఇక్కడ అట్లాంటిదేమీ జరగలేదు. ఎద్దులకు ఆ నిటారు దారి అలవాటు లేక కాస్త తడబడ్డాయి, అంతే. ఫ్రోయిలాన్ తన ఆవులను బండికి కట్టాడు. బండి దిగలేని చోట తల్లిని తానే వీపున మోశాడు. "గుడిలో మొదటి వరుస నీదీ నీ పిల్లదీ" అని ఫాదర్ మాట ఇచ్చాడు మరి. గుడి కప్పుకు గట్టి కలప కావాలంటే, కొండవాళ్లు పై అడవిలో రెండు ఓక్ మానులు కొట్టి, తాళ్లు కట్టి ఈడ్చుకొచ్చారు. ఒకటి కప్పుకు దూలమైంది. రెండోది ఎందుకో ఫ్రోయిలాన్ అడిగితే, పనికొస్తుందిలే అన్నారు.

మొదటి పండుగ నాటికి ఒలాయాకు నడక వచ్చింది. తండ్రి స్వయంగా చెక్కిన చిన్న చెక్క జోళ్లు వేసుకుని, అతని వేలు పట్టుకుని టకటకమంటూ గుడిలోకి వచ్చింది. నాలుగడుగులు వేసేసరికి రెండో దూలం కనబడింది. దాని మీద ఉలితో అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఫ్రోయిలాన్‌కు చదువు రాదు. ఊరివాళ్లలో ఒకడు చదివి వినిపించాడు, "కొండవాళ్లు ఇక్కడే ఆగవలెను" అని. ఆవుల వాసన దివ్యపూజకు అడ్డమట. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న.

"అయ్యా, మొదటి వరుస అన్నారు" అన్నాడు ఫ్రోయిలాన్.

"ఇదే కొండవాళ్ల మొదటి వరుస. తల్లి చూపు అంతటా ఉంటుంది, ఇక్కడి నుంచి మొక్కినా అందుతుంది" అన్నాడు ఫాదర్ బెర్ముదో.

"అందుద్దయ్యా. కానీ పాదాలకు తల ఆనిస్తానని మొక్కాను. ఇంత దూరం నుంచి ఎట్టా ఆనేది?"

ఫాదర్ పూజ మొదలుపెట్టడానికి వెళ్లిపోయాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనవాళ్లు ఊరికే అనలేదు. దూలానికీ తల్లికీ మధ్య తొమ్మిది అడుగులు. ఫ్రోయిలాన్ ఏటా పండుగకు వచ్చి ఆ తొమ్మిది అడుగులు అడిగేవాడు. ఏటా లేదనేవారు. పిల్లకు జ్వరం వస్తే తల్లి తన బిడ్డను తాను తీసుకుపోతోందని వణికిపోయేవాడు. దగ్గినా అదే భయం, ఆలస్యంగా ఇల్లు చేరినా అదే భయం. ఒలాయా పెరిగినకొద్దీ అతని భయమూ పెరిగింది.

ఒలాయాకు పదహారేళ్లు వచ్చిన ఏడు, గుడి నేల ఊడ్చే పనికి ఊళ్లో ఎవరూ ఒప్పుకోలేదు. వానకాలం బురదంతా జనం చెప్పులతో లోపలికి వస్తుంది, అది తీయడం చాకిరీ. పేడ ఎత్తడం అలవాటైనవాళ్లకు బురద ఒక లెక్కా అని కొండ ఆడవాళ్లకు చెప్పారు. పూజకు వచ్చినవాళ్లు దూలం దాటకూడదు, చీపురు పట్టుకు వచ్చినవాళ్లు దాటవచ్చు. ఫాదర్ బెర్ముదో అప్పటికి ముసలివాడయ్యాడు. ఫ్రోయిలాన్‌ను పక్కకు పిలిచి, "నీ కూతుర్ని ఊడవడానికి పంపు. ఎవరూ లేనప్పుడు పాదాలకు తల ఆనించి వస్తుంది. నేను చూడనట్టు ఉంటాను" అన్నాడు. దయ అనుకునే చెప్పాడు.

"దొంగతనంగా తీర్చింది మొక్కెట్టా అవుద్దయ్యా? దాని కాళ్ల మీద అది నడిచి వస్తదన్నాను. చీపురు పట్టుకుని వస్తదనలేదు" అని ఫ్రోయిలాన్ వెళ్లిపోయాడు.

ఇంకో నాలుగేళ్లు అదే మాట మీద ఉన్నాడు. తర్వాత మంచం పట్టాడు. ప్రాణం పోతుందన్న దిగులు అతనికి లేదు. మొక్కు తీరకుండా తాను పోతే కూతురికి ఏమవుతుందోనన్నదే దిగులు. చివరికి పౌరుషం చంపుకుని ఒలాయాను పిలిచాడు. "ఎల్లు అమ్మా. చీపురు పట్టుకునే ఎల్లు. తల ఆనించి రా. ఆ మాట విని పోతాను" అన్నాడు.

ఒలాయా వెళ్లింది. చీపురు పట్టుకుని, ఇరవయ్యేళ్లుగా తన తండ్రి దాటలేని దూలాన్ని దాటింది. ఎవరూ ఏమీ అనలేదు, అనడానికి ఎవరూ లేరు. నేలంతా ఊడ్చింది. మెట్ల దగ్గర గట్టిపడిన బురదను గోటితో గీకి తీసింది. తల్లి పాదాల మీది దుమ్మును కొంగుతో తుడిచింది. ఊరివాళ్లు తలలు ఆనించీ ఆనించీ ఆ చెక్క పాదాలు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. బండ చీలికలో ఉన్నప్పుడు ఆ వేళ్లు విడివిడిగా తెలిసేవని తండ్రి చెప్పేవాడు. ఒలాయా అక్కడే మోకాళ్ల మీద కూర్చుంది. ఆమె నుదుటికీ ఆ పాదాలకూ మధ్య బెత్తెడు దూరం.

ఆమె తల వంచలేదు. "మా కొండ మీద నువ్వున్నప్పుడు మా నాయన నీ దగ్గరికి రావడానికి ఎవర్నీ అడగలేదు. నిన్ను వీపున మోసుకొచ్చిన మనిషి తలుపు దగ్గర నిలబడి ఇరవయ్యేళ్లు ఏడిస్తే నువ్వు ఇక్కడ కూర్చుని చూశావు. నేను ఊడవడానికి వచ్చినదాన్ని, ఊడ్చి పోతున్నా. మొక్కు కావాలంటే దూలం దగ్గరికి నువ్వే రా. అక్కడ ఇస్తాను. లేదూ, నన్ను తీసుకుపోతావా, తీసుకుపో" అంది. లేచి దూలం ఇవతలికి వచ్చి, చీపురు దానికి ఆనించి, ఒక జపం చెప్పేంత సేపు నిలబడింది. తల్లి రాలేదు.

ఇంటికి వెళ్లేసరికి తండ్రి తలుపు వైపే చూస్తున్నాడు. "ఆనించావా అమ్మా?" అన్నాడు.

"ఆనించాను నాయనా" అంది ఒలాయా.

అతను కూతురి నుదురు తడిమి, ఆ చేతిని కళ్లకు అద్దుకున్నాడు. మర్నాడు ప్రశాంతంగా పోయాడు. ఒలాయా తొంభై ఏళ్లు బతికింది. తల్లి ఆమెను తీసుకుపోలేదు. అది క్షమించడమో, మొహం చెల్లకపోవడమో కొండవాళ్లకు ఇప్పటికీ తేలలేదు. పోయే ముందు ఒలాయా ఈ సంగతంతా తన కూతురికి చెప్పి చీపురు చేతికిచ్చింది.

ఆ ఇంటి ఆడవాళ్లే నేటికీ ఈ చర్చి ఊడుస్తారు. చర్చి తెరిచి ఉండేది ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా. ఊడ్చిన తర్వాత చీపురును దూలానికి ఆనించి, ఒక జపం చెప్పేంత సేపు దాని ఇవతల నిలబడి, తర్వాత తాళం వేయడం ఇక్కడి ఆచారం. ఆ సమయంలో యాత్రికులు మాట్లాడకూడదు. దూలం మీది నిషేధం ఎతెల్వీనా అమ్మమ్మ కాలంలోనే ఎత్తేశారు. ఎవరైనా దాటవచ్చు, అందరూ దాటుతున్నారు. అక్షరాలు ఇన్నేళ్ల ముద్దులకు అరిగిపోయాయి. దాన్ని వేయించినవాళ్ల వంశంవారే పండుగ నాడు దానికి పూలదండ వేస్తారు. ఒలాయా ఇంటివాళ్లు మాత్రం చీపురు లేకుండా ఇంతవరకూ దాటలేదు.

"ఇప్పుడు ఎవరూ ఆపరు కదమ్మా?" అని ఎతెల్వీనాను అడిగాను.

"ఆపినప్పుడు ఆగాం. ఆపడం మానేశారని ఇప్పుడు పరుగెత్తాలా?" అంది ఆమె. చీపురు దులుపుతూ, "మీ దేశంలో ఇట్లాంటి దూలాలు ఉన్నాయా?" అని అడిగింది.

లేవన్నాను. అబద్ధం కాదు. మా ఊరి గుడిలో దూలం లేదు, దాని అవసరమే రాలేదు. ఎవరు ఎక్కడ ఆగాలో మా ఊళ్లో పుట్టుకతోనే తెలిసేది. గుడి ముందు వీధి ఊడ్చే సుంకులమ్మ అనే ఆమె, ధ్వజస్తంభం కనబడేంత దూరంలో చీపురు కింద పెట్టి దండం పెట్టుకుని వెళ్లిపోయేది. ఆ గుడికి ధర్మకర్త మా తాతగారు. ఆయన చాలా మంచివారని ఊరంతా చెప్పుకునేవారు, నేనూ చెప్పుకున్నాను.

ఈ కథ విన్నవారికి కలిగే పుణ్యం ఏమిటో ఎతెల్వీనాను అడిగాను, స్థల పురాణం చివర అది రాయాలి కనుక. మోకాళ్ల నొప్పులు మాత్రం పోవంది. తన మోకాళ్లు చూపించి నవ్వింది. తర్వాత చీపురును దూలానికి ఆనించింది. నేను వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. లోపల మూరెడు తల్లి, ఒడిలో బిడ్డ, మధ్యలో శుభ్రంగా ఊడ్చిన తొమ్మిది అడుగుల నేల. బయట వాన మొదలైంది. జపం చెప్పేంత సేపు అయింది.

"అంత కొండ దిగి వచ్చింది తల్లి, ఈ తొమ్మిది అడుగులు ఆమెకు ఒక లెక్కా?" అని, ఎతెల్వీనా తాళంచెవి తీసింది. "రేపు మళ్లీ ఊడ్చి చూస్తాను."