నీలిరంగు పురుగులు

ఓబులేశుకు ఆరేళ్లుగా ఒకటే బెంగ. కాషాయం ఎప్పుడిస్తారని అడిగినప్పుడల్లా పరిపూర్ణస్వామి "చూద్దాంలే నాయనా" అని మాట దాటేస్తారు. వెనక వచ్చినవాళ్లు ఇద్దరు కాషాయం కట్టేసి దీవెనలిచ్చేదాకా వెళ్లారు. ఇతను మాత్రం ఇంకా తెల్లపంచెతో పొయ్యి దగ్గరే.

పెన్న ఒడ్డునున్న ఆ ఆశ్రమంలో ఒక నియమం ఉంది. కట్టెల్ని దులిపి, వాటికి పట్టిన పురుగుల్ని బయట వదిలాకే పొయ్యి ముట్టించాలి. చెమ్మగిల్లిన కట్టెల కింద బూడిదరంగు పురుగులుంటాయి, వేలు తగిలితే ఉండలా చుట్టుకుపోతాయి. ఒకరోజు వాటి మధ్య నెమలి మెడలా నిగనిగలాడే నీలిపురుగొకటి కనిపించింది. ఓబులేశు ఒళ్లు పులకరించింది. ఆరేళ్ల ధ్యానంలో కనబడని దేవుడు కట్టెలమోపులో కనబడ్డాడనుకున్నాడు పాపం!

దాన్ని వదలడానికి మనసొప్పలేదు. తడి ఆకులు వేసిన కుండలో పెట్టి, ఒంటరిదైపోతుందని నలభై బూడిద పురుగుల్ని తోడిచ్చాడు.

కొన్ని వారాలకు చూస్తే సగానికి సగం నీలమే. కుండ ఎత్తుకుని స్వామి దగ్గరికి పరుగెత్తాడు.

"స్వామీ, సత్సంగమంటే ఇదే గదా! ఒకదాని పక్కనుంటే అన్నిటికీ రంగొచ్చె!"

స్వామి పూర్వం పశువుల డాక్టరు. కుండలోకి చాలాసేపు చూశారు.

"ఇది జబ్బు నాయనా. వైరస్. ఒళ్లంతా నిండిపోయాకే ఈ మెరుపు. ఇంక ఎన్నాళ్లో బతకవు. చచ్చినదాన్ని మిగతావి తింటాయి, వాటికీ అంటుకుంటుంది."

ఓబులేశు కుండ కింద దించి పక్కనే కూర్చున్నాడు. ఏడుపొచ్చింది.

"కాపాడదామనే గదా స్వామీ తెచ్చి పెట్టినాను. మరి ఈ పాపం నాదా?"

"ముందు బాగున్నవాటిని వేరు చెయ్యి."

ఒక్కొక్కటే ఏరసాగాడు. నీలివి ఇటు, బూడిదవి అటు. నాలుగోదో ఐదోదో బూడిద పురుగు అరచేతిలో ఉండగా చెయ్యి ఆగిపోయింది.

"రంగు రానివాటికి జబ్బు లేనట్టేనా స్వామీ?"

"చెప్పలేం. లోపల ఉండొచ్చు."

ఓబులేశు అరచేతిలోని పురుగును చూశాడు. దీన్ని ఎటు వెయ్యాలి? మెరిసేదాన్ని నమ్మి ఇంతపని చేశాడు, మెరవనిదాన్నీ నమ్మకూడదంటే ఎలా?

స్వామి భుజమ్మీది కాషాయ వస్త్రం తీసి, మడిచి, కుండ పక్కన పెట్టారు. ఒట్టి ఒంటితో శిష్యుడి ఎదురుగా కూర్చున్నారు.

"నన్ను కూడా ఒకసారి చూసి, ఎటు వేస్తావో చెప్పు," అన్నారు.