పొగడదీవి రాజు, ఎర్ర పీతలు

అనగా అనగా, నాలుగు దిక్కులా ఉప్పునీళ్ళే ఉన్న పొగడదీవి అనే చిన్న దీవి. దాన్ని సుకేతుడనే రాజు ఏలేవాడు. మెత్తని మనసు. ఎవరేమడిగినా కాదనడు.

ఆ దీవి నడుమ అడవి ఉండేది. అందులో ఎర్ర పీతలు బొరియలు చేసుకుని, రాలిన ఆకులు తింటూ బతికేవి. ఏటా తొలకరి పడగానే అన్నీ కదిలేవి. నేల మీద ఎర్ర తివాచీ పరిచినట్టు సముద్రానికి సాగిపోయి, గుడ్లు నీళ్ళలో విడిచి మళ్ళీ అడవికి మళ్ళేవి.

ఒక ఏడు రాజు ఆ దారిలో పూలతోట వేయించాడు. లేత మొక్కల్ని పీతలు కొరుకుతాయని, అడవి అంచు పొడవునా, ఆ దారికి అడ్డంగా నున్నని గచ్చుగోడ మొదలుపెట్టించాడు.

పునాది తీస్తుండగా ఒక ముసలి పీత వచ్చింది.

"ప్రభూ! ఇది మా తాతల నాటి దారి. గోడలో ఒక కంత వదిలించండి."

"దానికేం అవ్వా! మేస్త్రీకి చెబుతాను."

నిజంగానే చెబుదామనుకున్నాడు. ఇంతలో చుట్టాలొచ్చారు. మరిచిపోయాడు.

గోడ లేచాక ముసలి పీత మళ్ళీ వచ్చింది.

"కంత ఏదీ ప్రభూ?"

రాజు నాలుక్కరుచుకున్నాడు. "వానలకింకా వ్యవధి ఉందిగా అవ్వా. ఈలోగా తీయిస్తాను. నా మాట నమ్ము."

నమ్మింది. వెళ్ళి తనవాళ్ళకూ చెప్పింది.

తొలకరి కురిసింది. పీతలన్నీ గోడ దగ్గరకు చేరాయి. ఎక్కబోతే గోళ్ళు జారాయి. ముసలి పీత పొట్ట కింద గుడ్లు మోసుకుంటూ కొలువుకు వచ్చింది. అక్కడ విందు జరుగుతోంది.

"ప్రభూ, ఇప్పుడే తెరిపించండి. ఎండ కాస్తే మా ఒళ్ళు ఎండిపోతుంది, బతకలేం."

"అతిథులున్నారు అవ్వా. రేపు పొద్దున్నే నేనే వచ్చి తెరిపిస్తాను."

మర్నాడు వాన వెలిసింది. ఎండ చురచుర కాసింది. రాజు గునపాలతో మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి పొద్దెక్కింది. గోడ పొడవునా పీతలు ఎర్రగా కుప్పలు పడి ఉన్నాయి. కదలిక లేదు.

ముసలి పీతలో మాత్రం కొన ఊపిరి ఉంది. రాజు దాన్ని ఉత్తరీయంలో ఎత్తుకుని ఒడ్డుకు పరుగెత్తాడు. నీళ్ళలో దించాడు. గుడ్లు అప్పటికే ఎండిపోయాయి.

"నన్ను క్షమించు అవ్వా," అన్నాడు ఏడుస్తూ.

"ప్రభూ, మీరు చెడ్డవారు కాదు," అంది పీత మెల్లగా. "కానీ మొదటి రోజే కాదని ఉంటే బాగుండేది. ఉత్తరపు రాళ్ళ మీదుగా ఇంకో దారి ఉంది. దూరమే, అయినా ముందుగా బయలుదేరి చేరుకునేవాళ్ళం. మీరిచ్చిన మాట పట్టుకుని ఇక్కడే ఉండిపోయాం."

అల వచ్చి దాన్ని తీసుకుపోయింది.

రాజు గోడంతా పడగొట్టించాడు. ఏటా తొలకరిలో తడుస్తూ దారి పక్కన నిలబడేవాడు. దారి ఖాళీగా ఉండేది. అడవిలో ఆకులు మోకాలెత్తు పేరుకున్నాయి. అతని జుట్టు నెరిశాక ఒక ఏడు, ఎక్కడ మిగిలాయో ఏమో, గుప్పెడు పీతలు దిగి వచ్చాయి. రాజు చేతులు జోడించాడు. అవి ఆగలేదు. అతనెవరో వాటికి తెలియదు.

బిడ్డలారా, చేయలేమని చెబితే ఎదుటివారు వేరే దారి చూసుకుంటారు. చేస్తామని నమ్మించి జాప్యం చేస్తే వారికి ఆ దారీ లేకుండా పోతుంది.