ఈరమ్మ చూస్తోంది

ఎప్పటి మాటో నన్నడగొద్దు. మీ తాతల తాతలకి బొడ్డూడని నాటి మాట. ఊఁ కొడితేనే చెప్తా.

కొండ కింద ఈరమ్మ అనే ముసలమ్మ ఉండేది. చీపుళ్లు కట్టుకుని బతికేది. ఆవిడకో పిచ్చి. అక్కడి పొదల్లో ఒక సిగ్గరి పిట్ట ఉండేది. దాని పాట విన్నవాళ్లేగానీ దాన్ని చూసినవాళ్లు లేరు. ఈరమ్మ చూసేది. పొద ముందు కూర్చుని, అడుగున ఎండాకు కదిలేదాకా తను కదిలేది కాదు. "పనీపాటా లేని ముసల్ది" అని జనం నవ్వేవాళ్లు.

ఒకనాడు మనవరాలు పోలి మేకపిల్ల వెంట పొదల్లోకి పోయింది. మేకపిల్ల ఒక్కటే తిరిగొచ్చింది. పొద్దు వాలిపోతోంది. ముందురోజే అక్కడ ఎలుగుబంటిని చూశారు.

ఎలుగు దగ్గరికి రాకుండా కొడుకు బొజ్జన్న డప్పు అందుకుని కొట్టాడు. "పోలీ!" పలకలేదు. ఇంకా గట్టిగా కొట్టాడు. పలకలేదు. ఊరంతా కర్రలతో పొదలు బాదింది. అయినా పలకలేదు.

అప్పుడు తట్టింది ఈరమ్మకి. ఆ ఊళ్లో డప్పు మోగిందంటే వేటే! "డప్పు వినపడితే పొదలో దూరి నక్కవే, లేకపోతే బాణం తగుల్తుంది. ఎవరు పిలిచినా పలక్కు" అని పిల్లకి నేర్పింది తనే.

"ఒరే ఆపరా! పిల్ల వేటనుకుంటోంది!"

"ఆపితే ఎలుగొస్తుందే అమ్మా!"

"ఆపకపోతే పిల్ల రాదురా నాయనా!"

బొజ్జన్న డప్పు దించాడు. "నోళ్లు మూసుకుని కూర్చోండి" అంది ఈరమ్మ. అందరూ కూర్చున్నారు. కాసేపటికి మొదటి పొదలో పిట్ట పాడింది. రెండో పొదలో పాడింది. మూడో పొద దగ్గర చటుక్కున ఆపేసింది.

అక్కడ ఏదో ఉంది. పిల్లో, ఎలుగో!

ఈరమ్మ నేలమీద పాకింది. అడుగున ఎండాకు కదిలింది. దాని పక్కన చిన్న కాలివేలు!

"పోలీ, వేటైపోయిందమ్మా. రా."

ఒళ్లంతా గీరుకుపోయి పిల్ల బయటికొచ్చింది. "నేను పలకలేదు కదా నానమ్మా?" అంది.

"నా నోరు పడ! నిన్నెంత భయపెట్టానే తల్లీ!" అని ఈరమ్మ భోరుమంది. ఎలుగు మాత్రం రాలేదులెండి, పాపం దానికేం పనుందో.

ఈరమ్మ పోయి ఎన్ని తరాలైందో. ఇప్పటికీ ఆ కొండ కింద పిల్ల తప్పిపోతే ఎవరూ డప్పు ముట్టరు. పొదల ముందు ఊరు ఊరంతా నేలమీద కూర్చుంటుంది. కన్నతల్లి ఆగలేక అరవబోతే, పక్కావిడ చెయ్యి పట్టుకుని మెల్లిగా అంటుంది:

"ఉండమ్మా. ఈరమ్మ చూస్తోంది."